లైనింగు లోపలి డబ్బు

చిరంజీవి బుడంకాయకు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మోకాలు తప్ప తక్కినవన్నీ చెప్పిన మాట వింటున్నాయి. నువ్వు క్షేమమని నీ చేతిరాత చూస్తేనే తెలిసింది. ఆకలి మీద రాస్తే నీ అక్షరాలు ఇంత నిటారుగా నిలబడవు. ఇరవయ్యారేళ్లు వచ్చినా బుడంకాయ ఏమిటని విసుక్కోకు. ఆ పేరు పెట్టింది మీ నాన్న, మార్చే హక్కు నాకు లేదు.

మీ హాస్టల్లో లిఫ్టు ఇంకా ఆగిపోయే ఉందని రాశావు. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి తాను మాత్రం నాలుగంతస్తులు ఎక్కి దిగుతోందంటే నవ్వాపుకోలేకపోయాను. కంపెనీవాళ్లు నిన్ను మూడు నెలల ట్రైనింగుకి విదేశం పంపిస్తున్నారని మా కుట్టుషాపులో అందరికీ చెప్పాను. మా ఓనరు, అదే, ప్రతిదీ టేపు పెట్టి కొలిచే మన అంగుళం గారు, ఆ రోజు అందరికీ టీ తెప్పించాడు. మర్నాడు దాని ఖరీదు గుర్తుచేశాడనుకో, అయినా తెప్పించాడు.

నువ్వడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. డబ్బు కార్డులో పట్టుకెళ్లాలా, నోట్లుగా పట్టుకెళ్లాలా అన్నావు. మా షాపు పక్కన విమానం టికెట్లు బుక్ చేసే అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. ఆ దేశం డబ్బు ముందే నింపుకునే కార్డు ఒకటి తీసుకోమంది. నీ బ్యాంకు కార్డు కూడా ఉంచుకో, కానీ వేరే సంచిలో. "రెండూ ఒకే పర్సులో పెడితే రెండున్నా ఒకటే ఆంటీ, పోతే రెండూ పోతాయి" అంది. టాక్సీకీ టీకీ సరిపడా చిన్న నోట్లు ఇక్కడే మార్చుకో. ఎయిర్‌పోర్టులో మార్చేవాళ్లు రేటులో గీకేస్తారట. అక్కడి దుకాణాల్లో మెషిను, మన డబ్బులో కడతావా, వాళ్ల డబ్బులో కడతావా అని అడిగితే వాళ్ల డబ్బే అను. మన డబ్బు అంటే సాయం చేస్తున్నట్టే కనిపించి నాలుగు రాళ్లు ఎక్కువ లాగుతుందట. బయల్దేరే ముందు బ్యాంకులో ఒక మాట చెప్పు.

ఇదంతా ఆ అమ్మాయి చెప్పింది. నేను చెప్పేది ఒక్కటే. డబ్బు ఎక్కడ దాచావో పక్కనున్న ఒక్కరికైనా తెలియాలి. దొంగలున్నారని భయపెడతారు కానీ, ఎవరికీ తెలియని డబ్బు ఎంత పని చేస్తుందో ఎవరూ చెప్పరు.

ఇక నీ రెండో ప్రశ్న. "అమ్మా, ఊళ్లో అందరి కోట్లూ సరిచేస్తావుగా, నా కోటు లోపల కూడా ఒక దొంగజేబు కుట్టిపెట్టవా?" అని రాశావు. ఆ వాక్యం దగ్గర నాలుగు రోజులు ఆగిపోయాను. కుట్టను తల్లీ. పదకొండేళ్లుగా ఎవరికీ కుట్టలేదు. ఎవరైనా అడిగితే అంగుళం గారి బల్ల మీదికి తోసేస్తాను.

షాపులో నన్ను చూసి నవ్వే సంగతి ఇంకొకటుంది. దర్జీలందరూ దారం పంటితో తెంపుతారు. నేను కత్తెర కనపడకపోతే కుట్టు ఆపి కూర్చుంటాను. "పళ్లు అరిగిపోతాయనా?" అంటాడు అంగుళం గారు. కారణం చెబితే పిచ్చిదంటారు. దారం నోటి దాకా తెచ్చానంటే చాలు, ట్రయల్ రూము అద్దంలో ఒక మగమనిషి కనిపిస్తాడు. గడ్డం గుండెకి ఆనించి, కోటు లోపలి అంచు నోట్లో పెట్టుకుని కొరుకుతూ ఉంటాడు. పట్టపగలు, గిరాకీ నిండుగా ఉన్నప్పుడే వస్తాడు. తల ఎత్తి నాకేసి చూస్తాడేమోనని నేనే ముందు ముఖం తిప్పేసుకుంటాను.

ఆ మనిషి ఎవరో నీకు తెలుసు. ఎందుకు కొరుకుతున్నాడో తెలియదు. ఫోనులో చెప్పాలని మూడుసార్లు మొదలుపెట్టాను. నీ గొంతు వినగానే అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

మీ నాన్నా బాబాయీ వెల్డింగు కాంట్రాక్టు మీద కలిసి విదేశం వెళ్లారు కదా. మొదటి జీతం వచ్చేదాకా గదికీ తిండికీ డబ్బు పట్టుకెళ్లాలి. ఏజెంటు అప్పుడే కార్డు గురించి చెప్పాడు. మీ నాన్న సరేనన్నారు. నేనే పడనివ్వలేదు. "ప్లాస్టిక్ ముక్కని నమ్మి అంత డబ్బు పెడతారా? నా చేతిలో పనుంది, నేను కుడతాను" అన్నాను. వెల్డింగు కోటు కాదు, ఆయన పెళ్లిళ్లకి వేసుకునే మందపాటి కోటు. నోట్లు పల్చగా పరిచి లైనింగు కింద పెట్టి, నైలాన్ దారంతో రెండు వరసలు కుట్టాను. ఎవరు తడిమినా అది బట్ట మందమే అనుకోవాలి. విప్పడానికి చిన్న బ్లేడొకటి ఆయన చొక్కా జేబులో పెట్టాను. అప్పుడే చేతిలో చెయ్యి వేయించుకున్నాను. "మీ తమ్ముడికి కూడా చెప్పకండి" అన్నాను. మీ బాబాయికి పేకాట పిచ్చి ఉండేది. అంతకు మించి ఆ మనిషి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

చేరాక మీ నాన్న ఫోను చేశారు. "నీ బ్లేడు సెక్యూరిటీవాళ్లు లాక్కున్నారోయ్, నీ కుట్టు మాత్రం వాళ్లకి దొరకలేదు" అని నవ్వారు. నేనూ మురిసిపోయాను. "గదిలో ఎవరిముందూ విప్పకండి" అన్నాను. నేను ఆయనతో చెప్పిన చివరి మాట అదే.

తర్వాత జరిగింది నీకు సగమే తెలుసు. మూడో రోజు కడుపునొప్పి. రెండు రోజులు గ్యాసు అని చెప్పి పడుకున్నారు. ఆసుపత్రికి వెళ్లేసరికి అపెండిక్స్ పగిలిపోయింది. ఆయన పోయిన కబురు వచ్చినప్పుడు, ఇంటినిండా జనం ఉండగా, నేనే అరిచాను. "అంత డబ్బు దగ్గరుండగా మా మరిది మొదటిరోజే ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదు?" అని. అందరూ ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. ఎవరో అన్నారు, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని. మీ బాబాయే డబ్బు నొక్కేశాడని ఆ రోజే ఖాయమైపోయింది. నీకప్పుడు పదిహేనేళ్లు. గోడకి ఆనుకుని నిలబడి విన్నావు.

ఇరవై రోజులకి సామాను వచ్చింది. కోటు చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. డబ్బు లోపలే ఉంది. ఒక్క నోటు తగ్గలేదు. లైనింగు అంచు మాత్రం నాలుగు చోట్ల నలిగి పీచు లేచింది. ఒకచోట తాళంచెవితో గీరినట్టుంది. మిగతా మూడూ పంటిగాట్లు. ఎవరూ గదిలో లేనప్పుడు, ఆ నొప్పితో, ఆసుపత్రి డబ్బు కోసం, దొరికినదానితో ప్రయత్నించారు. తమ్ముణ్ణి కత్తి అడిగితే ఎందుకని అడుగుతాడు. నాకిచ్చిన మాట పోతుంది. నా కుట్టు ఊడలేదు బుడంకాయా. అంత గట్టిగా కుట్టాను.

అప్పుడైనా బయటికొచ్చి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. సిగ్గుతో మొదలైంది, తర్వాత భయం, ఆ తర్వాత అలవాటైపోయింది. నీ లిఫ్టు కోర్సుకి ఓవర్‌టైం చేసి కట్టానన్న ఫీజు ఓవర్‌టైం డబ్బు కాదు, ఆ డబ్బే. మీ బాబాయి ఒకసారి వచ్చినప్పుడు నువ్వు ఆయన ముఖం మీదే తలుపు వేశావు. ఆయన మెట్ల మీద కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. నేను లోపల మెషిను తొక్కుతూనే ఉన్నాను. కుట్టేదేమీ లేదు, సూదికింద బట్ట కూడా లేదు.

నిన్ను తప్పుపట్టడం లేదు. ఆ తలుపు నీ చేత నేనే వేయించాను.

ఇప్పుడు నువ్వు వెళ్లేది మీ బాబాయి ఉన్న ఊరికే. "ఆయన ఎదురుపడతాడేమోనని భయంగా ఉంది" అని రాశావు చూడు, ఆ మాట చదివాక అన్నం సహించలేదు. నేను పోయాక నువ్వు కూడా ఈ అబద్ధం మోస్తావు, నీ పిల్లలకి ఇస్తావు. అందుకే ముందు నీకు చెబుతున్నాను. ఆదివారం మన వాళ్లందరికీ నేనే ఇంటింటికీ వెళ్లి చెబుతాను. ఛీ అంటే పడతాను.

ఇంకొక్క సంగతి. సామాను తెచ్చినాయన కూడా వెల్డరే, ఆ గదిలోనే ఉండేవాడు. ఆసుపత్రి డిపాజిట్టు కోసం మీ బాబాయి ఆ గదిలో ఆరుగురి దగ్గరా అప్పు చేశాడని, తీర్చడానికి రెండేళ్లు పడుతుందని ఆయనే చెప్పాడు. వెళ్తూ వెళ్తూ "కోటు మాత్రం వదినగారి చేతికే ఇవ్వమన్నాడమ్మా. తానే మడతపెట్టి, దారిలో ఎవర్నీ మడత విప్పనివ్వొద్దన్నాడు" అన్నాడు. దుఃఖంలో ఉన్న మనిషి చాదస్తం అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు సుఖంగా ఉండేది.

నీ ఉత్తరం వచ్చాక మొన్న ఆ కోటు తీశాను. ఆ నోట్ల మందానికి కాగితాలు కత్తిరించి లైనింగులో దూర్చి, మూసి, మడతపెట్టి చూశాను. కళ్లు మూసుకుని మరోసారి మడతపెట్టాను. కాగితం మడత దగ్గర బిగుస్తుంది, గరగరమంటుంది. చేతులున్న ఏ మనిషికైనా తెలుస్తుంది. సెక్యూరిటీవాళ్లు మడతపెట్టలేదు కనుక వాళ్లకి దొరకలేదు.

మీ బాబాయి అడ్రసు వెనకపేజీలో రాశాను. వెళ్లు. లోపలికి రమ్మంటే కూర్చో, అనకపోతే మెట్ల మీదే నిలబడు. ఈ ఉత్తరం ఆయన చేతికివ్వు. చదవడం అయ్యాక ఒక్క ప్రశ్న అడుగు. కోటు మడతపెట్టిన రోజున లోపల డబ్బున్నట్టు తెలుసా బాబాయ్ అని.

తెలియదంటాడు. నమ్మకు.

ఇట్లు,
నువ్వు జవాబు రాసినా మానినా
మీ అమ్మ