అమ్మ అరచేతిలో బొగ్గు గుర్తు

ధర్మపురి, తమిళనాడు, కాలేజీ హాస్టలు
ఫిబ్రవరి 1986

నాయనకు చిన్నపొన్ను దండాలు. జ్వరం తగ్గింది, అన్నం సహిస్తోంది, దిగులు పడొద్దు.

నిన్న క్లాసులో అమెరికా పాఠం చెప్పారు. ఎనభై ఏళ్ళనాడు అక్కడ సెనేటు మెంబరును ఎన్నుకునేది జనం కాదు, శాసనసభవాళ్ళే. ఆరెగాన్ అనే రాష్ట్రంలో మాత్రం, జనం ఎవరిని కోరితే వాళ్ళకే ఓటేస్తామని చాలామంది సభ్యులు ముందే మాట ఇచ్చారు. తీరా చూస్తే జనం ఎదుటి పార్టీ మనిషిని కోరారు. అయినా వాళ్ళు మాట తప్పలేదు.

అది వింటుంటే నాకు నువ్వే గుర్తొచ్చావు. ప్రతి ఎలక్షనుకూ ఏ గుర్తుకు ఓటెయ్యాలో అమ్మ అరచేతిలో బొగ్గుతో గీసి పంపుతావు కదా! నన్ను బస్సెక్కించేటప్పుడు, "ఈతూరి మీయమ్మ ఇష్టమే పాపా, నేను గీయనులే" అన్నావు. పంచాయతీ ఎలక్షను వచ్చే ఆదివారమే.

పుల్లావు ఈనిందా? ఎవరైనా ఇటు వస్తే రాగిపిండి పంపించు. అవ్వ కాళ్ళకు నా మొక్కులు.

మన ఇంట్లో తెలుగు చదవగలిగేది నువ్వొక్కడివే. ఈ కార్డు అమ్మకు గట్టిగా చదివి వినిపించు నాయనా. బొగ్గు మాట దగ్గరికి వచ్చాక గొంతు తగ్గించొద్దు.