టాప్ మోడల్‌లో ఆరే సీట్లు

శుక్రవారం

ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ బండి కొనాలని, నెల రోజులుగా తమ్ముడూ నేనూ ఫోన్‌లో మోడళ్లన్నీ పోల్చి చూశాం. ఇంట్లో ఏడుగురం, పెద్దారవీడు చేనికి బురద దారి. ఏడు సీట్లున్న మధ్య మోడల్ చాలన్నాను. "నువ్వు చెప్పిందే తీసుకుందాం అక్కా" అన్నాడు.

ఈరోజు టాప్ మోడల్ తెచ్చాడు. పైన సన్‌రూఫ్, మధ్య వరసలో రెండు విడి కుర్చీలు. మొత్తం ఆరే సీట్లు.

"ఏందిరా ఇది?"

"పిల్లలు సన్‌రూఫ్ అడిగినారు. నువ్వు ఎట్లాగూ ఎక్కడికీ రావు గదక్కా."

ఎన్నడైనా పిలిచాడా, నేను రాకపోవడానికి?

అయినా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది నేనే. ఆరుగురూ ఎక్కారు. మొదట గుడికి పోతామని పొద్దున్నే పట్టుచీర కట్టుకున్నాను. వాడు అద్దం దించి, "గేటేసుకో అక్కా" అన్నాడు.