ఇరవై ఒక్క రోజుల ఉజ్జీవం

1వ తేదీ, సోమవారం

ఉదయం 5:30. చర్చిలో పద్నాలుగు మందిమి! చలికి పళ్లు టకటకలాడుతున్నా మోకాళ్ల మీదే ఉన్నాం!

కారణం రాసిపెట్టుకోవాలి. నిన్న ఆరాధన అయ్యాక అమ్మాయి కుండబద్దలు కొట్టింది. "నాన్నా, వచ్చే నెల నుంచి నేను కొత్త ప్రార్థన హాలుకి వెళ్తా. అక్కడ డ్రమ్స్ ఉంటాయి. మన చర్చిలో నిద్రొస్తుంది." పంతొమ్మిదేళ్ల పిల్ల. నేనేమో ఇక్కడ యువజన సంఘం కార్యదర్శిని. వయసు నలభై ఆరు. నాకంటే చిన్నవాళ్లెవరూ ముందుకు రాక పదవి నాకే అంటుకుపోయింది.

అందుకే తీర్మానం. ఇరవై ఒక్క రోజులు తెల్లవారుజామున ప్రార్థన. చర్చికి ఉజ్జీవం రావాలి, అంటే మళ్లీ ప్రాణం లేచిరావాలి, పిల్ల ఆగాలి. ఇంకా: చప్పట్లు కొట్టి పాడాలి. ప్రసంగంలో కునకకూడదు. చాడీలు చెప్పకూడదు (బావ మీద కూడా).

పాస్టరు అయ్యగారిని కూడా పిలిచాను. "తప్పకుండా బాబూ" అన్నారు పాపం. మా ఆవిడ అన్నయ్య, బస్సు డ్రైవరు బావ, గుండె మీద చెయ్యేసుకున్నాడు. "బండలు పడ్డా వస్తా!"

3, బుధవారం

తొమ్మిది మందిమి. తక్కువైతేనేం, గట్టి గింజలు!

బావ రాలేదు. మోకాలు నొప్పట. బండలైతే పడలేదు. (ఇది చాడీ కాదు, సమాచారం.)

7, ఆదివారం

రెండో పాటకి తెగించి చప్పట్లు కొట్టాను. ఒక్కణ్నే. ముందు బల్ల మీది పెద్దమ్మ వెనక్కి తిరిగి జాలిగా అడిగింది. "దోమలా నాయనా?"

అమ్మాయి పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది. నవ్విందా, తలవంపులనుకుందా? నవ్విందనే రాసుకుంటున్నాను.

ప్రసంగంలో కునకలేదు. కళ్లు మూసుకుని విన్నాను, అంతే.

10, బుధవారం

నలుగురం, అయ్యగారితో కలిపి.

11:00. నా కళ్లద్దాల షాపు. ఒకాయన చేత గోడ మీది అక్షరాలు చదివిస్తూ నిలబడే కునికాను. కింది వరస దాకా చదివేసి "ఇంకా ఉన్నాయాండీ?" అని అడిగాడట. మూడుసార్లు.

11, గురువారం

5:00 అలారం. 5:01 ఆపాను. 5:02 మంచం మీదే ప్రార్థన మొదలు. దేవుడు అంతటా ఉన్నవాడు, మంచం దగ్గర మాత్రం ఉండడా? 7:40 ఆమెన్.

మా ఆవిడ కాఫీ ఇస్తూ, "ఆ గురక ఏ రాగమండీ?" అంది. స్కూలు టీచరు కదా, ప్రశ్న అడగకుండా ఉండలేదు.

12, 13

వాన. (12న పడింది. 13న పడేలా ఉంది.)

14, ఆదివారం

ప్రసంగం మధ్యలో గురక. నాదే. పెద్దమ్మే లేపింది. అమ్మాయి దారంతా నాకు పదడుగులు ముందే నడిచింది. ఇంటికొచ్చాక ఒకే మాట. "నాన్నా, నువ్వే చెప్పు. నేనెందుకు ఉండాలి?"

తీర్మానం రద్దు. ఉజ్జీవం వచ్చేదైతే నేను పడుకున్నా వస్తుంది.

16, మంగళవారం

ఉదయం 6:45. ఆదివారం మర్చిపోయిన గొడుగు కోసం చర్చికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. వెనక బల్ల దగ్గర అయ్యగారు ఒక్కరే, మోకాళ్ల మీద.

"అయ్యగారూ! ప్రార్థనలు ఆపేశాం కదా! మీకెవరూ చెప్పలేదా?"

"నేను రోజూ వస్తాను బాబూ. ఇక్కడికొచ్చి పదకొండేళ్లయింది, అప్పట్నుంచీ."

"మరి నేను పిలిస్తే ఎప్పుడూ రానట్టే తలూపారే!"

"అంత సంబరంగా పిలిచావు. ఎలా కాదనను?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన ప్రార్థన ఆయనకే నేర్పించబోయాను!

ఆయన ముందు ఒక నోటుబుక్కు, ఎవరి కోసం ఏం ప్రార్థించాలో రాసుకునేది. ఇంటికో పేజీ. మా పేజీ చూపిస్తూ మధ్యలో అరచెయ్యి అడ్డం పెట్టారు. "ఇవి అమ్మాయి నాతో చెప్పుకున్నవి. నువ్వు చదవకూడదు." కింద నిన్న రాసిన వరస మాత్రం చూపించారు. "కూతురు కొత్త హాలుకి వెళ్తుందేమో. ఎక్కడున్నా సంతోషంగా ఉండాలి."

పైన నాకూ ఒక వరస ఉంది. "తండ్రి: నిద్ర."

ఇద్దరం బల్ల పట్టుకుని నవ్వాం. నాకు నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది. పిల్ల ఉండాలని అడిగాను గానీ, పిల్ల బాగుండాలని ఒక్క పొద్దు కూడా అడగలేదు.

సాయంత్రం అన్నం దగ్గర అంతా చెప్పాను. అమ్మాయి ముద్ద చేతిలోనే ఉంచుకుని, "నేను చెప్పినవన్నీ రాసుకున్నారా?" అంది. ముద్ద మింగి, "అయ్యగారు వచ్చేది ఐదున్నరకా?"

17, బుధవారం

5:50 మెలకువ. అమ్మాయి మంచం ఖాళీ! చొక్కా తిరగేసి తొడుక్కుని పరుగు.

లోపల పాట. అమ్మాయి బల్ల మీద వేళ్లతో తాళం వేస్తోంది. అయ్యగారూ వేస్తున్నారు, ఒక దెబ్బ వెనగ్గా. "అయ్యగారూ, అక్కడ కాదు, ఇక్కడ!" అని పగలబడి నవ్వుతోంది.

నన్ను చూసి గొంతు తగ్గించింది. "ఆదివారం హాలుకే వెళ్తానేమో నాన్నా. పొద్దున్న మాత్రం ఇక్కడికే."

"నీ ఇష్టం తల్లీ" అన్నాను. నిజంగానే అన్నాను! ఆమె పక్కనే మోకరించాను.

కొత్త తీర్మానం: ఇరవై ఒక్క రోజులు, తెల్లవారుజామున 5:30. రేపటి నుంచి. ఇవాళ లెక్కలోకి రాదు, ఆలస్యమైంది.