నేల మీద నుంచి లేపడం

ఏమండీ, మీ సంవత్సరీకం అయిన మర్నాడు దేవుడి దగ్గర దీపం పెట్టి, మన ఊళ్లో, చిట్కుల్‌లో, కొత్తగా తెరిచిన జిమ్‌కు వెళ్లాను. మీరుంటే నవ్వేవారు.

అక్కడ నేర్పే అమ్మాయి, "పొట్ట తగ్గాల్నా ఆంటీ?" అని అడిగింది.

"కాదు బిడ్డా, బలం రావాలె. మా అత్తమ్మ మంచం పట్టింది. లేపి కూసోబెట్టాలె."

"అయితే మిషన్లు వద్దు. వారానికి మూడు రోజులు, నేల మీదున్న బరువు లేపుడే నేర్పిస్త. నడుము కాదు, మోకాళ్లు వంచాలె."

అప్పుడు నాకది తెలియదు. బాత్రూంలో మీరు పడిపోయిన రోజు నడుము వంచి, చంకల కింద చేతులు పెట్టి లాగాను. మీరు కదలలేదు. పక్కింటివాళ్లు వచ్చేదాకా మీ తల ఒళ్లో పెట్టుకుని హనుమంతుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాను.

మొదటి రోజు బరువులు తగిలించని ఖాళీ కడ్డీ మాత్రమే ఎత్తించింది. తర్వాత, ఎంత బరువు ఎత్తగలగాలో కాగితం మీద రాద్దామంది.

"అత్తమ్మ ఎంతుంటది ఆంటీ?"

"నలభై కిలోలుంటదేమో."

నలభై రాయబోతుంటే ఆపి, డెబ్బై రెండు రాయమన్నాను.

"గంతెందుకు? అత్తమ్మను ఎగరేస్తరా ఏంది?" అని నవ్వింది.

నేనూ నవ్వాను. మీరు పడిపోయిన రోజు ఆసుపత్రి చీటీలో మీ బరువు అంతే రాశారు.