పూజారిణి కోపం

స్వప్నా,

నువ్వు జ్వరంతో పోయి నేటికి ఏడాది. తెలంగాణ బందుకు కాలేజీ మూసేశారు. పాచికలు వేస్తూ కథ అల్లుకునే నీ ఆటను మళ్లీ ఆడాం. నేను ఆడే పాత్ర, పూజారిణి, ఆటలోని దేవుణ్ని, "మా స్వప్ననెందుకు తీస్కపోయినవ్?" అని నిలదీసింది. వెంటనే గాయపడ్డ సైనికుణ్ని మంత్రంతో బతికించబోయింది.

"దేవుని మీద కోపమొస్తే మంత్రం పనిచెయ్యది. స్వప్న రాసిన రూల్ గిది" అంది ఆట నడిపిస్తున్న సునీత.

"మా అవ్వ కొమురవెల్లి మల్లన్నను ఏటా తిడ్తది. ఆయన ఎన్నడన్న అలిగిండా?" అన్నాను.

"మీ అవ్వతోని అలిగే ధైర్యం ఎవరికుంటది?"

నవ్వుతూ పాచికలు నాకిచ్చింది. వేశాను. సైనికుడు లేచాడు.

నీ నోటుబుక్కులో ఆ నియమాన్ని కొట్టేశాను. నీ చేతిరాత మీద గీత గీయడానికి చాలాసేపు పట్టింది. నాకు దేవుడి మీద కోపం తగ్గలేదు, తగ్గించుకోను. మంత్రమూ వదులుకోను.