ఎండాకాలం మాయమయ్యే దీవి విషయమై ఆడెపు వాసుదేవ్ వీలునామా

సోలాపూర్ పట్నం కొంతం చౌక్ వెనక సాంచాల గల్లీలో కాపురముంటున్నవాడు, పద్మశాలి కులస్థుడు, కీర్తిశేషులు ఆడెపు పోచయ్య కుమారుడు, బి.కాం. రెండో శ్రేణిలో గట్టెక్కినవాడు, ఇరవై మూడేళ్ళ వయసుగల ఆడెపు వాసుదేవ్ అనే నేను నా వారసులకూ, ఈ కాగితాన్ని అమలు జరపవలసిన మా చిన్నాయన కూతురు గోదావరికీ రాసిపెట్టునది ఏమనగా:

నాకు మతి సరిగానే ఉంది. మా ఇంట్లో ప్రస్తుతం ఈ మాట రాసి కింద సంతకం పెట్టగల మగవాణ్ణి నేనొక్కణ్ణే. జ్వరం లేదు, జలుబు కొంచెం ఉంది. ఎవరి బలవంతమూ లేదని కూడా రాయాలి గాని అది అబద్ధమవుతుంది. మా చిన్నాయన ఆడెపు సిద్ధరాములు గారి బలవంతం మీద వచ్చే శుక్రవారం నేను ఒక దీవికి కాపురం పోవలసి ఉంది. పెళ్ళి కూడా కాని వయసులో వీలునామా ఏమిటని అడగబోయేవారు ముందు ఆ దీవిని చూసి రావాలి.

1. సందర్భం. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీఖులో రెండు సున్నాలు చూసి తికమక పడతాయని, కరెంటు, రైళ్ళు, బ్యాంకులు అన్నీ ఆగవచ్చునని ఒక మరాఠీ పేపరు రాసింది. మరాఠీ అక్షరాలు మా చిన్నాయనకు నెమ్మది. అందుకని ప్లాట్ల దలాలీ చేసే అంబాదాస్ చదివి వినిపించాడు. పేపర్లో లేనిది కూడా చదివాడు. కరెంటు లేకపోతే సాంచాలు, అంటే మా కరెంటు మగ్గాలు, ఆగుతాయి. సాంచాలు ఆగితే ఊరు ఆకలికి లేస్తుంది. లేచిన ఊరు మొదట మా తలుపే విరగ్గొడుతుంది. మా తలుపే ఎందుకో అంబాదాస్ చెప్పలేదు. మా ఇంట్లో దోచుకోదగ్గవి అమ్మ చుట్టిన బీడీలూ, అమ్ముడుపోని చద్దర్లూ.

కంప్యూటర్ కోర్సు చేసిన నన్ను ఎవరూ అడగలేదు. కోర్సు చేశాను కాబట్టి నేను కంప్యూటర్ల పార్టీ మనిషినని చిన్నాయన అనుమానం.

దీనికి అంబాదాస్ దగ్గర మందు కూడా ఉంది. ఉజని డ్యాం కట్టినప్పుడు ఊళ్ళు మునిగి, ఒక గుట్ట నెత్తి మాత్రం నీళ్ళ నడుమ మిగిలింది. ఆ నెత్తిని అంబాదాస్ కాగితం మీద చిన్నాయనకు అంటగట్టాడు. భూమి ఎవరిదని అడిగితే నీళ్ళదన్నాడు. చిన్నాయన చదవకుండా సంతకం పెట్టాడు.

ఇప్పుడు అసలు సంగతి. మా ఇంట్లో సాంచాలు నాలుగు. రెండు చిన్నాయనవి, రెండు మా నాయన నుంచి నాకు వచ్చినవి. వెనక్కి రాని ఊళ్ళో సాంచాలెందుకని చిన్నాయన నాలుగింటినీ భివండి వ్యాపారికి అమ్మజూపాడు. నాలుగూ కలిపి లారీకి ఎక్కిస్తేనే ఆయన కొంటాడట. రేపు వస్తున్నాడు. నా సంతకం లేకపోతే బేరం లేదు. ఆ అమ్మకం కాగితం నిన్నటి నుంచి నా దిండు పక్కన ఉంది. దానికి జవాబే ఈ వీలునామా.

2. దీవి గురించి నా వాంగ్మూలం. దీపావళికి సాంచాలు బంద్ ఉన్నప్పుడు చిన్నాయన మమ్మల్ని అలవాటు కోసం అక్కడికి తీసుకుపోయాడు. ద్రౌపది చిన్నమ్మ, గోదావరి, మా అమ్మ చంద్రభాగ, నేను. చూసింది చూసినట్టు రాస్తున్నాను. కోర్టువారికి అనుమానముంటే పడవాయనను పిలిపించుకోవచ్చు.

దీవి పొడవు మా గల్లీ అంత. రేగుకంప, రాళ్ళు, పొడుగుకాళ్ళ కొంగలు. కరెంటు లేని లోకానికి చేతిమగ్గమే దిక్కని చిన్నాయన మా తాత మగ్గాన్ని అటక మీంచి దింపి, కట్టెలు విప్పి పడవకెక్కించాడు. ఆ మగ్గానికి గుంత తవ్వాలి. నేసేవాడు గట్టున కూర్చుని కాళ్ళు గుంతలో పెట్టి తొక్కాలి. మావాళ్ళు ఏ కొత్త ఇంట్లో దిగినా పొయ్యికంటే ముందు ఆ గుంతే తవ్వేవారట. చిన్నాయనా అదే చేశాడు. చుట్టూ డ్యాం నీళ్ళు పెట్టుకుని మోకాలి లోతు తవ్వితే ఏమొస్తుందో శాలివాడికి తప్ప అందరికీ తెలుస్తుంది. గుంత నిండింది. తోడాం. మళ్ళీ నిండింది. చివరికి చిన్నాయన పంచె పైకి దోపి, కాళ్ళు నీళ్ళలోనే పెట్టి నేయడం మొదలుపెట్టాడు. "సల్లగ మంచిగున్నది" అన్నాడు. కాసేపటికి ఒక కప్ప వచ్చి తొక్కుడుచెక్క మీద కూర్చుంది. దానికీ మంచిగున్నట్టుంది.

తరువాత పోగును అటూ ఇటూ మోసే నాడె ములుకు ఊడింది. గల్లీలోనైతే మూల మీది వడ్లాయన చాయ్ తాగేలోపు బిగించి ఇచ్చేవాడు. అప్పటికి నేసిన టవల్ జానెడు. దాన్ని కొనడానికి కొంగలు ముందుకు రాలేదు. తెచ్చిన నూలు అయిపోతే ఎట్లా అని అడిగాను. "అయిపోయినంక సూద్దంతీ" అన్నాడు. లోకం కూలినప్పుడు బతకడానికి మా చిన్నాయన వేసిన పథకం మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది.

అమ్మ తెచ్చుకున్న బీడీ ఆకు, తంబాకు తొందరగానే అయిపోయాయి. అయినా ఆమె చేతులు ఊరుకోవు. ఏదో కాగితం దొరికితే ఆకు కొలతకు కత్తిరించి, బీడీల్లా చుట్టి, దారం కట్టి, కట్టలు పేర్చింది. సాయంత్రం చిన్నాయన లోకం అంతమయ్యే ఆ పేపరు ముక్క కోసం దీవి అంతా వెతికాడు.

రోజూ పాలూ, అగ్గిపెట్టే తెచ్చి మమ్మల్ని బతికించినవాడు పడవాయన. తిరిగి వచ్చే ముందు ఆయనే ఇంకో సంగతి మరాఠీలో నవ్వుతూ చెప్పాడు. హోళీ దాటితే నీళ్ళు తగ్గుతాయట. గుట్ట ఒడ్డుకు కలిసిపోతుందట. తన గేదెలు నడిచి వచ్చి అక్కడే మేస్తాయట. చిన్నాయన నా వైపు తిరిగాడు. "అప్పటిదాంక లోకం సర్దుకుంటది లేరా" అన్నాడు.

3. తీర్పు. లోకం కూలితే దీవి మీద బతకవచ్చునా? మా దీవి సంగతైతే అది దీవిగా ఉండాలంటే డ్యాం తలుపులు వేళకు తీసి మూయాలి. ఆ పని చేసేవాడు జీతం తీసుకునే సర్కారు మనిషి. లోకం కూలినా ఆయన ఒక్కడు డ్యూటీకి వస్తాడని నమ్మి మేము కాపురం పెట్టాలి. రాకపోతే వానాకాలం మునుగుతాం, ఎండాకాలం గేదెలతో కలిసి మేస్తాం.

మరి సముద్రంలో ఉండే అసలు దీవుల సంగతేమిటని గోదావరి అడిగింది. అక్కడ పుట్టి, చేపల తీరు, గాలి తీరు తెలిసినవాళ్ళు బతుకుతారు, ఒప్పుకుంటాను. వాళ్ళకు కూడా సూదీ, మందుబిళ్ళా ఓడలోనే రావాలి. లోకం కూలిననాడు మొదట ఆగేది ఆ ఓడే. ఇక ఈత రాని ఐదుగురు సోలాపూర్ శాలివాళ్ళు చద్దర్లు కొంటారా అంటూ ఒడ్డుకు చేరితే వాళ్ళు ఏం చేస్తారో నేను రాయను.

ఇంకొకటి. దీవి మీద అలగడానికి చోటు లేదు. చిన్నమ్మ కోపమొచ్చి ఆ కొసన కూర్చుంటే ఆమె సణుగుడు ఈ కొసకు వినిపించింది. ఇక్కడైతే పక్కింట్లో బీడీలు చేసే యమునాబాయి దగ్గరికి పోయి, మమ్మల్ని అందరినీ తిట్టి, చాయ్ తాగి చల్లబడి వచ్చేది.

కాబట్టి దీవి పనికిరాదు. ఖర్చులతో సహా కొట్టివేయడమైనది.

4. చిన్నాయన భయపడేది కంప్యూటర్లకు కాదు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

నేను కాలేజీలో చేరిన ఏడు ఊళ్ళో కర్ఫ్యూ పెట్టారు. పట్టపగలు నాయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. చిన్నాయన గల్లీలో ప్రతి తలుపూ కొట్టాడు. పోలీసుల భయానికి ఎవరూ తీయలేదు. అన్నను భుజాన వేసుకుని పెద్ద రోడ్డు దాకా పోయేసరికి ప్రాణం పోయింది. కాష్ఠానికి కూడా నలుగురినే పోనిచ్చారు.

మా గల్లీలో ఎవరు పోయినా సాంచాలు ఆపుతారు. శవం లేచి గల్లీ దాటేదాకా ఏ ఇంట్లోనూ సాంచా పట్టా తిరగదు. రోజంతా ఆ చప్పుడులో బతికేవాళ్ళకు అది ఆగడమే చావు కబురు. నాయన పోయిననాడు ఊరంతా ముందే బంద్. ఆయన కోసం ఆపుదామంటే నడిచే సాంచా ఒక్కటీ లేదు.

కర్ఫ్యూ ఎత్తేసిన రోజు చిన్నాయన అస్థికలు తీసుకుని పంఢర్‌పూర్ పోయాడు. సాయంత్రం గల్లీ మలుపు తిరిగేసరికి అన్ని ఇళ్ళలోనూ సాంచాలు దడదడలాడుతున్నాయి. మా గుమ్మంలో నిలబడి, "మనకెవ్వలు లేరురా వాసూ" అన్నాడు. ఆనాటి నుంచి గల్లీలో ఎవరితోనూ అవసరానికి మించి మాట లేదు. యమునాబాయితో అసలే లేదు, గోడ అవతలే ఉండి తలుపు తీయలేదు కాబట్టి. అమ్మ ఒకసారి ఆ రోజు గురించి చెప్పబోతే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆమె మళ్ళీ ఎత్తలేదు. కాగితం మీద ఉన్నది విననని లేచిపోవడం కష్టం కనుక రాస్తున్నాను.

కర్ఫ్యూ ఎత్తేసిన ఆ పొద్దున, చిన్నాయన పంఢర్‌పూర్ బయల్దేరాక, గల్లీ అంతా కూలి లేక ఎండిపోయి ఉంది. కరెంటు వచ్చింది. అందరి చేతులూ స్విచ్చుల మీదే ఉన్నాయి. యమునాబాయి ఒళ్ళోని బీడీల చేట కింద పెట్టి, గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయింది. ప్రతి గుమ్మంలో ఒకటే మాట అంది: "పోచయ్యకు మనం ఇంకా ఆపలే."

ఎవరూ సాంచా వేయలేదు. ఆ పూటకు బియ్యం లేని ఇళ్ళవాళ్ళు కూడా వేయలేదు. మగవాళ్ళు అరుగుల మీద కూర్చున్నారు. తలుపు తీయనివాళ్ళూ వాళ్ళలో ఉన్నారు, మా ఇంటి వైపు చూడలేక నేల చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి అమ్మే బయటికి వచ్చింది. "ఇగ ఏసుకోండ్రి. పిల్లలున్నరు" అంది. నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. సాయంత్రం చిన్నాయన విన్న చప్పుడు ఆ తరువాతిది.

తలుపు తీయలేదన్న కోపం నాకూ ఉంది. అది నేను ఎవరికీ రాసివ్వను, నా దగ్గరే ఉంచుకుంటాను. కానీ ఆ గల్లీలోనే ఉండి ఉంచుకుంటాను.

5. ఆస్తి పంపకం. నేను దీవి మీద పోతే, పోవడం ఖాయం కనుక:

నా రెండు సాంచాలు గోదావరికి. అవి ఇప్పుడున్న చోటే ఉండి నడవాలి. ఆడపిల్లకు సాంచా ఎందుకని చిన్నాయన అంటాడు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు గోదావరే తెగిన పోగులు అతికి సాంచా నడుపుతుంది. ఆయన కళ్ళు మూసుకుని చప్పుడు వింటూ ఉంటాడు. ఇద్దరికీ ఈ సంగతి తెలుసునని నాకు తెలుసు.

వెలుతురు బాగా పడే కిటికీ దగ్గర ఇన్నేళ్ళూ నా చదువు బల్ల పెట్టుకున్నాను. ఆ చదువుకు అంత వెలుతురు దండగ. బల్ల తీసేసి ఆ చోటు అమ్మకు, బీడీలు చుట్టుకోవడానికి.

నా ట్రాన్సిస్టర్ చిన్నమ్మకు, అలిగినప్పుడు పెద్దగా పెట్టుకోవడానికి.

దీవి మీది మగ్గం గుంత పడవాయనకు. అందులో చేపపిల్లలను వదిలానని మొన్న కబురు పంపాడు. చిన్నాయన చేపట్టిన పనుల్లో లాభం చూపించబోయేది అదొక్కటే.

దీవిలో నా వంతు అంబాదాస్‌కు, చైత్రం నుంచి మృగశిర దాకా మాత్రమే. ఆ కాలంలో అతను దాన్ని దీవి అని ఎవరికి చూపిస్తాడో చూడాలని నా ఆత్మ కనిపెట్టుకుని ఉంటుంది.

నాయన మొలకు కట్టుకుని తిరిగిన చిన్న కత్తెర చిన్నాయనకు. ప్రతి దసరాకు పనిముట్ల పూజలో దాని కోసం వెతుకుతాడు. అది నా దగ్గరే ఉంది. ఇవ్వబుద్ధి కాలేదు, ఇప్పుడు ఇస్తున్నాను.

6. నా శవాన్ని ఎట్లాగైనా గల్లీకి తేవాలి. నాకోసం కూడా సాంచాలు ఆగాలని నాకు ఆశ. పక్కవాళ్ళవి ఆగుతాయి, వాళ్ళ మీద నమ్మకముంది. మావి నాలుగూ ఆగాలంటే ముందు అవి అక్కడ ఉండాలి. అందుకని అమ్మకం కాగితం మీద నేను సంతకం పెట్టను. వ్యాపారి వచ్చి కూర్చున్నా పెట్టను. చిన్నాయన తిట్టినా పెట్టను. ఆయన నాతో కూడా మాట మానేసినా పెట్టను. అది తలుచుకుంటే మాత్రం భయంగా ఉంది.

సాక్షులు ఇద్దరు. యమునాబాయికి మొత్తం చదివి వినిపించాను. తన పేరు వచ్చిన చోట ముఖం అటు తిప్పుకుంది. రెండో సాక్షి చిన్నాయన. ఈసారి చదివి పెట్టాలి.

సోలాపూర్, 1999 డిసెంబర్ 26, ఆదివారం.

(సంతకం) ఆడెపు వాసుదేవ్

సాక్షులు:

1. యమునాబాయి, బీడీ కార్మికురాలు, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

2. ఆడెపు సిద్ధరాములు. మొత్తం చదివిన. భివండాయనకు రావద్దని వాసుగాడు ఫోన్ చెయ్యాలె. యమునక్కకు నేనే చెప్పుకుంట.