అద్దాలపెట్టె మూత తియ్యకు

అమ్మాయీ,

అద్దాలపెట్టె మూత నువ్వు తియ్యకు. నీ బొద్దింకల కింద పరిచిన అట్టలు నేనే మార్చేశాను. పాతవి మూట కట్టి బయట చెత్తడబ్బాలో పడేశాను. ఆ గదిలో చీపురు పట్టుకోకు. ఊడిస్తే దుమ్మంతా లేచి నీ ముక్కులోకే వస్తుంది. డాక్టరు చెప్పినట్టు తడిగుడ్డతో తుడిచే వెళ్తున్నాను. దురదలకు ఇచ్చిన మాత్ర అన్నం తిన్నాక వేసుకో. కొట్లో ఎవరిదో జాకెట్టు లైనింగు మిగిలితే నీకు మూడు పొరల మాస్కు కుట్టాను. తలుపు గడియకు తగిలించాను, చూడు.

నిన్న నీ తుమ్ములకు పైవాటావాళ్ళు దిగొచ్చి ఏమైందని అడిగారు. కొత్త పరుపు పడలేదని చెప్పాను. నీ పుణ్యమా అని ఈ వయసులో అబద్ధాలు కూడా ఆడుతున్నాను. ఒంటికి పడనివాటిని ముద్దుగా పెంచుకోవడమేమిటో నాకు అర్థం కాదు. పెళ్ళికి ముందు నిన్ను అన్నీ అడిగాం. బొద్దింకలు పెంచుతావా అని అడగాలని మాత్రం ఒక్కరికీ తట్టలేదు. నీ మొగుడికి చెబుదామంటే, వాటి మీసం కదిలితే చాలు, కుర్చీ ఎక్కి నిలబడతాడు. అందుకని ఆ చాకిరీ కూడా నా నెత్తినే పడింది.

సాయంత్రం కొట్టు కట్టేసి వస్తాను.

అత్తయ్య

అన్నట్టు, పొద్దున వంటింట్లో ఒక బొద్దింక కనబడితే అలవాటుకొద్దీ చెప్పు తీసి ఒక్కటిచ్చాను. వెంటనే గుండె గుభేలుమంది. చెప్పు చేత్తో పట్టుకునే మీ గదిలోకి పరుగెత్తి, పెట్టెలో ఉన్నవాటిని రెండుసార్లు లెక్కపెట్టాను. కంగారుపడకు. మనవాళ్ళంతా క్షేమం.